పంచాయతీ కార్యాలయమున ఈథర్నెట్ అడాప్టరు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ దినము నాకు అప్పగింపబడిన విషయము అరచేతిలో ఇముడు ఒక చిన్న వస్తువును గూర్చినది. దానిని ఈథర్నెట్ అడాప్టరు అందురు. నెట్‌వర్క్ కార్డు అనియు పిలుతురు. మీ కార్యాలయమందలి కంప్యూటరును తీగ ద్వారా ఇతర కంప్యూటర్లతోను, బయటి ప్రపంచముతోను కలుపు పరికరమిది. నేను ఇంజనీరును కాను. ప్రభుత్వ కార్యక్రమములను ప్రజలకు తెలియజెప్పుట నా ఉద్యోగము. అయినను ఈ విషయమును గూర్చి మాటలాడుటకు నేను ఒప్పుకొనుటకు ఒక కారణము కలదు. దానిని ముందుగా మనవి చేసెదను.

పదునేడు దినములు నిలిచిన బిల్లు

కొన్ని సంవత్సరముల క్రిందట, వేసవి చివర, మెట్ట ప్రాంతమునందలి ఒక గ్రామమునకు ప్రచార కార్యక్రమము నిమిత్తము వెళ్లితిని. ఆ గ్రామము పేరు చెప్పను. అక్కడివారి తప్పు కంటె నా తప్పే అందులో ఎక్కువ. రచ్చబండ వద్ద సభ ముగిసిన పిమ్మట, వీధులూడ్చు కార్మికురాలొకతె నా దగ్గరకు వచ్చి, "అయ్యా, మీరు చెప్పినవన్నీ బాగానే ఉన్నాయి. మా జీతం బిల్లు ఆ పెట్టెలోంచి ఎప్పుడు పోతుందో, అది కూడా కాస్త చెప్పి పోండి" అని అడిగినది.

విచారింపగా సంగతి తెలిసినది. పది దినముల క్రిందట రాత్రివేళ పిడుగుల వాన కురిసినది. నాటినుండి పంచాయతీ కంప్యూటరుకు ఇంటర్నెట్టు లేదు. బిల్లునకు జతపరుపవలసిన పత్రములును, డిజిటల్ సంతకమునకు కావలసిన ఏర్పాటును ఆ కంప్యూటరులోనే ఉన్నవి. కార్యదర్శి ఫైబరు లైనువారికి ఫిర్యాదు చేసియుండెను. వారు వచ్చి చూచి, లైను సరిగానే ఉన్నదని చెప్పి వెళ్లిరి. కంప్యూటరు అమ్మినవారిని అడుగగా, గ్యారంటీ కాలము ముగిసినదనిరి. పై కార్యాలయమునకు వ్రాసిన ఉత్తరమునకు జవాబు రావలసియున్నది. ఒక్కొక్కరు తమ వంతు పని చేసినట్లే ఉన్నది. బిల్లు మాత్రము కదలలేదు.

నేను మాత్రము ఏమి చేసితిని? "మరల ఒకసారి పైకి వ్రాయుడు" అని సలహా చెప్పి జీపు ఎక్కితిని.

వారము గడచిన పిమ్మట అదే దారిన పోవుచు ఆ గ్రామమున ఆగితిని. అది పదునేడవ దినము. ఆ సమయమున ఒక వార్డు సభ్యుని కుమార్తె, పాలిటెక్నిక్ చదువు ముగించిన పిల్ల, తండ్రికి భోజనము తెచ్చి అక్కడనే ఉండెను. ఆమె కంప్యూటరు వెనుకకు వంగి చూచి, "తీగ పెట్టిన చోట దీపం వెలగడం లేదండీ" అనెను. తన ల్యాప్‌టాప్ తెచ్చి అదే తీగను దానికి తగిలింపగా ఇంటర్నెట్టు వచ్చినది. ఫైబరు లైను బాగుగనే ఉన్నది. తీగయు పని చేయుచున్నది. కంప్యూటరులోని పోర్టు, అనగా తీగను దూర్చు ద్వారము, పిడుగుపాటునకు చెడిపోయినది. పదునేడు దినములలో కంప్యూటరు వెనుక ప్రక్కను చూచినవారు ఒక్కరును లేరు!

ఆ సాయంకాలమే నేను పట్టణమునకు పోయి గిగాబిట్ వేగము గల అడాప్టరు నొకదానిని కొని తెచ్చి, కంప్యూటరు ముందువైపు కనబడిన యు.ఎస్.బి. రంధ్రములో పెట్టితిని. నేను చేసిన ఆ పనిలో తప్పు లేకపోలేదు. దానిని ముందు చెప్పెదను. అయినను చీకటి పడులోపల బిల్లు వెళ్లినది.

సోదరులారా! ఆ కార్మికురాలి బిల్లు పోవుటకు గిగాబిట్ వేగము అక్కరలేదు. తెగని దారి అక్కర. ఆ దారి ఎక్కడ తెగినదో కనిపెట్టగల మనిషి ఊరిలో నుండుట అక్కర. వేగము ఆ తరువాతి మాట. ఈ సంగతిని మనస్సునందుంచుకొని మిగిలిన విషయములను వినగోరుచున్నాను.

ఈథర్నెట్ పుట్టుక

అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందు జెరాక్స్ కంపెనీవారి పాలో ఆల్టో పరిశోధనాలయము ఉండెను. అక్కడ 1973లో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అను ఇరువురు, ఒక భవనములోని కంప్యూటర్లన్నిటిని ఒకే తీగతో కలుపు పద్ధతిని రూపొందించిరి. అంతకు ముందు 1971లో, సముద్రము మధ్యనున్న హవాయి దీవుల కంప్యూటర్లను నార్మన్ అబ్రామ్సన్ బృందమువారు రేడియో ద్వారా కలిపియుండిరి. ఆ పద్ధతి మెట్‌కాఫ్‌నకు స్ఫూర్తినిచ్చినది. కాంతిని మోయు ఈథరు అను పదార్థము ఆకాశమంతట వ్యాపించియున్నదని పూర్వపు శాస్త్రజ్ఞులు ఊహించిరి. ఆ ఊహ నిలువలేదు గాని, పేరు మాత్రము ఈ తీగకు మిగిలినది.

ఆ తొలినాటి పద్ధతి పంచాయతీ సభ్యులకు సులభముగా బోధపడును. తీగ ఒక్కటి, మాటలాడువారు పలువురు. మాటలాడదలచినవాడు ముందుగా చెవియొగ్గి వినవలెను. ఎవరును మాటలాడుట లేదని తెలిసిన తరువాతనే తాను ఆరంభింపవలెను. ఇరువురు ఒకేసారి ఆరంభించినచో ఇద్దరును ఆగి, ఎవరికి తోచినంత సేపు వారు ఊరకుండి, మరల ప్రయత్నింపవలెను. ఈ నియమమును మన సభలలో సరిగా పాటించినచో ఎజెండా ఎంత త్వరగా ముగియునో మీకు తెలియనిది కాదు.

నేడు కార్యాలయములలో ఒకే తీగను పంచుకొను పద్ధతి పోయినది. ప్రతి కంప్యూటరునకు ప్రత్యేకముగా తీగ వేసి, అన్నిటిని స్విచ్ అను పెట్టెలో కలుపుచున్నారు. అందువలన ప్రతి కంప్యూటరు ఒకే సమయమున పంపుటయు పుచ్చుకొనుటయు చేయగలదు. గదిలో దీపమును వెలిగించు స్విచ్చి వేరు, ఈ స్విచ్ వేరు; పేరొక్కటి యగుటచే భ్రమపడరాదు.

అడాప్టరు చేయు పని తపాలా పనివంటిది. కంప్యూటరు పంపదలచిన సమాచారమును అది చిన్న చిన్న కవరులుగా పంపును. సాధారణముగా ఒక్కొక్క కవరులో 1500 బైట్ల వరకు సమాచారము పట్టును. కవరు మీద పుచ్చుకొనువారి చిరునామా, పంపువారి చిరునామా ఉండును. చివర ఒక తనిఖీ సంఖ్య యుండును. దారిలో సమాచారము చెడినచో ఆ సంఖ్య సరిపడదు. అట్టి కవరును పుచ్చుకొనువారు పారవేయుదురు. ప్రతి అడాప్టరునకును తయారుచేయునప్పుడే 48 బిట్ల చిరునామా నొకదానిని ఇత్తురు. దానిని 12 గుర్తులతో వ్రాయుదురు. దీనిని మ్యాక్ చిరునామా అందురు. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; దీనితో పని పడును.

వేగపు లెక్క

1973 నాటి తీగ మీద సెకనుకు 2.94 మెగాబిట్ల వేగము సాధింపబడినది. 1980లో మూడు కంపెనీలు కలసి ప్రకటించిన పద్ధతిలో అది 10 మెగాబిట్లైనది. 1983లో దానికి ప్రమాణము ఏర్పడినది. 1995లో 100 మెగాబిట్ల ప్రమాణము, 1999లో సాధారణపు రాగి తీగ మీద 1000 మెగాబిట్ల ప్రమాణము వచ్చినవి. ఈ 1000 మెగాబిట్లనే ఒక గిగాబిట్ అందురు. నేడు బజారులో దొరకు అడాప్టర్లలో అధికభాగము ఈ వేగము గలవే. రెండున్నర గిగాబిట్లవి, పది గిగాబిట్లవి కూడ కలవు.

ఇచ్చట ఒక చిన్న లెక్క తెలిసికొనవలెను. వేగమును బిట్లలో చెప్పుదురు. దస్త్రము పరిమాణమును బైట్లలో చెప్పుదురు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున 1000 మెగాబిట్లనగా సెకనుకు 125 మెగాబైట్లు. 100 మెగాబిట్లనగా పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. ఆచరణలో ఇంతకన్న కొంత తక్కువే లభించును. పుట్లను కుంచములతో పోల్చి, ధాన్యము తగ్గినదని పోట్లాడుట వంటి పొరపాటు ఈ లెక్క తెలియకపోవుట వలన కలుగును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. చెరువు తూము చిన్నదైనప్పుడు, పొలములోని పిల్లకాలువను ఎంత వెడల్పు చేసినను నీరు పెరుగునా? పెరుగదు. మీ గ్రామమునకు బయటినుండి వచ్చు లైను 100 మెగాబిట్లదైనచో, కంప్యూటరులో గిగాబిట్ అడాప్టరు పెట్టినంత మాత్రమున ఇంటర్నెట్టు పది రెట్లు కానేరదు. మరి గిగాబిట్ వలన ప్రయోజనమెక్కడ? కార్యాలయము లోపల. మూడు నాలుగు కంప్యూటర్లు ఒకే స్కానరును, ఒకే దస్త్రముల నిల్వను వాడుకొనుచున్నప్పుడు, పాత రికార్డుల ప్రతిబింబములను ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి నకలు తీయునప్పుడు, ఆ వేగము కంటికి కనబడును. 100 మెగాబిట్ల దారిలో గంట పట్టు నకలు, గిగాబిట్ దారిలో కొద్ది నిమిషములలో ముగియవచ్చును. అయితే నడుమనున్న స్విచ్, తీగ, రెండవ కంప్యూటరు, దానిలోని డిస్కు, అన్నియు ఆ వేగమునకు తగినవై యుండవలెను. ఈ వరుసలో ఏది నెమ్మదియో అదియే అన్నిటి వేగమును నిర్ణయించును.

కొనుటకు ముందు

పంచాయతీ నిధి ప్రజల సొమ్ము. కావున కొనుటకు ముందు, కొనవలసిన అవసరమున్నదా యని చూడుడు. ఇటీవలి కంప్యూటర్లలో అనేకమునకు గిగాబిట్ పోర్టు పుట్టుకతోనే ఉండును. పోర్టు చెడినప్పుడు, లేక పాత కంప్యూటరులో 100 మెగాబిట్ల పోర్టు మాత్రమే ఉండి లోపలి పనులకు అది చాలనప్పుడు, లేక ల్యాప్‌టాపునకు అసలే పోర్టు లేనప్పుడు అడాప్టరు కొనవలెను. మిగిలిన సందర్భములలో సొమ్ము వృథా.

లోపమెక్కడనో తెలిసికొనుటకు ఈ వరుసను పాటింపుడు. మొదట ఫైబరు పెట్టెను చూడుడు. దానిమీద ఎల్.ఓ.ఎస్. అను అక్షరముల వద్ద ఎర్ర దీపము వెలిగినను, కొట్టుకొనినను, లోపము బయటి లైనులో నున్నది, లైనువారిని పిలువవలెను. ఆ దీపము వెలుగక, తక్కినవి సరిగా నున్నచో, తీగ మార్చి చూడుడు. తరువాత పెట్టెలోని వేరొక పోర్టునకు తగిలించి చూడుడు. తరువాత అదే తీగను వేరొక కంప్యూటరునకు తగిలింపుడు. అక్కడ పని చేసి ఇక్కడ చేయనిచో, లోపము ఈ కంప్యూటరులో నున్నది. అప్పటికిని పోర్టు చెడినదని వెంటనే నిశ్చయింపరాదు. ఒకసారి కంప్యూటరును ఆపి మరల నడిపి, అడాప్టరు నిలిపివేయబడి యున్నదేమో సెట్టింగులలో చూడవలెను. ఈ పరీక్షలన్నిటికి అరగంట చాలును. పదునేడు దినములు అక్కరలేదు.

అడాప్టర్లు రెండు విధములు. మొదటిది కంప్యూటరు పెట్టె లోపల బిగించు కార్డు. దీనికి పెట్టె లోపల పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అను స్లాటు ఖాళీగా నుండవలెను. పెట్టె పొట్టిదైనచో కార్డునకు బిగించు ఇనుప పట్టీ కూడ పొట్టిది కావలెను; రెండు పట్టీలు కలిపి ఇచ్చు కార్డును కొనుట మేలు. రెండవది బయటనుండి యు.ఎస్.బి. రంధ్రములో పెట్టునది. ఇది తేలిక, పెట్టె విప్పవలసిన పని లేదు, ల్యాప్‌టాపునకు ఇదియే గతి.

నేను చేసిన తప్పు ఇక్కడనే. యు.ఎస్.బి. రంధ్రములలో పాతవి, కొత్తవి అను భేదమున్నది. యు.ఎస్.బి. 2.0 రంధ్రము వేగము కాగితము మీద సెకనుకు 480 మెగాబిట్లు; అందులో సగమునకు పైగా లభించుటయే ఎక్కువ. యు.ఎస్.బి. 3.0 వేగము 5 గిగాబిట్లు. నేను గిగాబిట్ అడాప్టరును తెచ్చి పాత రంధ్రములో పెట్టితిని. ఆ అమ్మాయి నవ్వి, దానిని తీసి, వెనుకవైపున్న నీలి రంగు రంధ్రములో పెట్టినది. కొత్త రంధ్రములలో చాలవరకు లోపల నీలి రంగు ఉండును. లేనిచో ప్రక్కన వ్రాసియున్న గుర్తులను చూడవలెను.

బిగించు విధానము

లోపల బిగించు కార్డు విషయములో ఈ క్రమమును పాటింపవలెను.

మొదట కంప్యూటరును పద్ధతి ప్రకారము ఆపవలెను. పిమ్మట కరెంటు తీగను గోడనుండి పూర్తిగా ఊడదీయవలెను. స్విచ్చి ఆపిన చాలదు. తరువాత కంప్యూటరు బొత్తామును కొన్ని సెకనులు నొక్కి పట్టినచో లోపల మిగిలిన విద్యుత్తు పోవును.

పెట్టె ప్రక్క రేకు మరలు విప్పి తీయుడు. లోపలి భాగములను ముట్టుటకు ముందు పెట్టె యొక్క ఇనుప చట్రమును చేతితో తాకుడు. మన శరీరమందు, ముఖ్యముగా పొడి వాతావరణములో, కంటికి కనబడని స్థిర విద్యుత్తు చేరియుండును. అది మనకు తెలియకయే సున్నితమైన చిప్పులను చెరుపగలదు. కార్డును అంచులతో పట్టుకొనవలెను. దాని బంగారు రంగు పళ్లను ముట్టరాదు.

ఖాళీ స్లాటు ఎదుటనున్న రేకు ముక్కను తీసి, కార్డును నిట్టనిలువుగా పెట్టి, రెండు కొనల మీద సమానముగా నొక్కవలెను. వంకరగా దూర్చరాదు, ఊపరాదు. సరిగా కూర్చుండిన పిమ్మట పట్టీని మరతో బిగింపుడు. మర బిగింపనిచో, తీగను లాగినప్పుడెల్ల కార్డు కదలి, కొన్నాళ్లకు "ఒకప్పుడు వచ్చును, ఒకప్పుడు రాదు" అను వ్యాధి ఆరంభమగును. రేకు మూసి, ఈథర్నెట్ తీగను దూర్చుడు. టక్కుమను శబ్దము వినబడవలెను. తరువాతనే కరెంటు ఇయ్యవలెను.

డ్రైవరు అను సాఫ్ట్‌వేరు లేనిదే కంప్యూటరు అడాప్టరును గుర్తింపలేదు. నేటి కంప్యూటర్లు చాల అడాప్టర్లను తమంతట తామే గుర్తించును. గుర్తింపనిచో డ్రైవరును ఇంటర్నెట్టునుండి తేవలెను. కాని ఇంటర్నెట్టు లేకనే గదా అడాప్టరు పెట్టుచున్నాము! కావున ముందుగనే వేరొక కంప్యూటరులో, తయారు చేసినవారి స్వంత స్థలమునుండి మాత్రమే డ్రైవరును దింపి, పెన్‌డ్రైవులో సిద్ధముగా నుంచుకొనవలెను. ఇతర స్థలములలో ఉచితముగా ఇత్తుమను డ్రైవర్లను ముట్టరాదు. వాటి వెంట దొంగ ప్రోగ్రాములు రావచ్చును.

నడిపిన పిమ్మట చూడవలసినవి

పోర్టు వద్ద దీపము వెలిగినదా? వెలిగినచో తీగ రెండు కొనలును కలిసినవన్నమాట. సమాచారము పోవునప్పుడు దీపము మినుకుమినుకుమనును.

తరువాత సెట్టింగులలో లింకు వేగమును చూడుడు. 1000 అని యుండవలసినచోట 100 అని కనబడినచో కారణములు రెండు. అవతలనున్న స్విచ్ లేక ఫైబరు పెట్టె పోర్టు 100 మెగాబిట్లదే కావచ్చును. అప్పుడు లోపమేమియు లేదు. లేనిచో లోపము తీగలో నున్నది. ఈథర్నెట్ తీగలో ఎనిమిది సన్నని రాగి తీగలు, నాలుగు జతలుగా మెలివేసి యుండును. 100 మెగాబిట్లకు రెండు జతలు చాలును. గిగాబిట్‌నకు నాలుగు జతలును కావలెను. ఒక్క జత తెగినను, కొన వద్ద సరిగా కూర్చుండకున్నను, వేగము 100కు దిగిపోవచ్చును. పని మాత్రము జరుగుచునే యుండును గనుక ఎవరికిని అనుమానము రాదు. ఆ గ్రామములో జరిగిన రెండవ సంగతి యిదియే. ఎవరో చౌక చేయుటకై రెండు జతలే బిగించి విడిచిరి.

కొనలు బిగించువారు సాధారణముగా పాటించు రంగుల వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలము, తెలుపు-నీలము, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రెండు కొనల యందును ఇదే వరుస యుండవలెను. గిగాబిట్‌నకు క్యాట్ 5ఇ లేక క్యాట్ 6 అని తీగ మీద ముద్ర వేసియున్నదానిని కొనుడు. ఒక తీగ పొడవు 100 మీటర్లు మించరాదు.

వేగమును, డ్యూప్లెక్స్ అను ఏర్పాటును ఆటో అనియే ఉంచుడు. రెండు కొనలును తమలో తాము సంప్రదించుకొని తగిన వేగమును నిర్ణయించుకొనును. తెలిసీ తెలియక ఒక కొనను మాత్రము బలవంతముగా ఒక వేగమునకు కట్టినచో, రెండవ కొన పొరపాటుగా గ్రహించి, లైను ఉండియు లేనట్లు నత్తనడక నడచును.

కంప్యూటరునకు చిరునామా వచ్చినదా యని కూడ చూడవలెను. ఇది మ్యాక్ చిరునామా కాదు, ఐ.పి. చిరునామా. దీనిని ఫైబరు పెట్టె గాని రూటరు గాని ఇచ్చును. 169.254 తో ఆరంభమగు సంఖ్య కనబడినచో, కంప్యూటరు అడిగినను చిరునామా ఇచ్చువారు పలుకలేదని అర్థము. ఇక మ్యాక్ చిరునామాతో పని ఇచ్చట పడును. కొన్ని నెట్‌వర్కులలో నమోదైన అడాప్టర్లను మాత్రమే రానిత్తురు. కొత్త అడాప్టరు పెట్టగా పాత చిరునామా పోయి కొత్తది వచ్చును. అట్టిచోట లైనువారికి కొత్త మ్యాక్ చిరునామాను తెలియజేయనిదే దారి తెరువరు. అన్నియు సరిగా నున్నను ఇంటర్నెట్టు రానప్పుడు ఈ సంగతిని అడుగవలెను.

కాపాడుకొను విధము

పిడుగు మనకు పెద్ద శత్రువు. ఉరుములు వినబడకముందే, మబ్బు పట్టినప్పుడే, కరెంటు తీగను, ఈథర్నెట్ తీగను రెండింటిని ఊడదీయుడు. చాలమంది కరెంటు తీగను మాత్రము తీసి రెండవదానిని మరచెదరు. పిడుగు ఆ దారిన వచ్చును. కార్యాలయమునకు మంచి ఎర్తు ఉండవలెను. ఒక భవనమునుండి మరియొక భవనమునకు రాగి తీగను ఆకాశమున వ్రేలాడదీయుట కంటె ఫైబరు వేయుట క్షేమము. ఫైబరు గాజుతో చేయబడినది గనుక విద్యుత్తును మోయదు.

తీగను కరెంటు తీగలతో కలిపి కట్టరాదు. తలుపు సందున నలుగనీయరాదు. ఎలుకలకు అందకుండ గొట్టములో నుంచుడు. ప్రతి తీగకును రెండు కొనల యందు ఒకే అంకె వ్రాసిన చీటీ అంటింపుడు. పని ముగియగనే డిజిటల్ సంతకపు టోకెనును కంప్యూటరునుండి తీసి బీరువాలో పెట్టవలెను. లైను నిరంతరము తెరచియున్నచోట ఈ జాగ్రత్త మరింత అవసరము.

సభ్యుల కర్తవ్యము

గ్రామ పంచాయతీలను ఫైబరుతో కలుపు పథకమును కేంద్ర మంత్రివర్గము 2011 అక్టోబరులో ఆమోదించినది. 2015లో దానికి భారత్‌నెట్ అను పేరు వచ్చినది. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభింపబడినది. పంచాయతీ ప్రణాళికలు, పద్దులు, చెల్లింపులు దానిలో నమోదగుచున్నవి. వేల కిలోమీటర్ల ఫైబరును ప్రభుత్వము వేయవచ్చును. కాని గోడమీది పెట్టెనుండి మీ కంప్యూటరు వరకు నున్న మూడు గజముల తీగను ఢిల్లీనుండి గాని రాజధానినుండి గాని ఎవరును కాపాడలేరు. అది మీది.

కావున మూడు పనులు చేయవలసినదిగా కోరుచున్నాను. మొదటిది, పరీక్షించిన యు.ఎస్.బి. అడాప్టరు ఒకటి, నాలుగు జతలు గల తీగ ఒకటి బీరువాలో సిద్ధముగా నుంచి స్టాకు రిజిస్టరులో ఎక్కింపుడు. రెండవది, కార్యదర్శి గాక మరి ఇద్దరికి, వారిలో ఒకరు ఊరి యువతియైనచో మరియు మంచిది, నేను చెప్పిన పరీక్షలు నేర్పుడు. కార్యదర్శి బదిలీ కావచ్చును. ఊరు బదిలీ కాదు. మూడవది, ఒక పుస్తకము పెట్టి, లైను ఏ దినమున తెగినదో, ఎక్కడ తెగినదో, ఎవరు బాగుచేసిరో, ఎన్ని దినములు పట్టినదో వ్రాయుడు. నెలకొకసారి సభలో దానిని చదువుడు. ఫిర్యాదు చేయునప్పుడు "నెట్టు లేదు" అని కాక, "పెట్టె దీపములు సరిగా నున్నవి, తీగ మార్చి చూచితిమి, వేరొక కంప్యూటరులో పని చేయుచున్నది" అని వ్రాయగలిగినచో, వచ్చువాడు తగిన వస్తువుతో వచ్చును. ఒకరిమీద ఒకరు త్రోసివేయుటకు అవకాశముండదు.

ఆ గ్రామమునకు గడచిన సంవత్సరము మరల వెళ్లితిని. కంప్యూటరు వెనుక గోడమీద ఒక అట్ట వ్రేలాడుచున్నది. దానిమీద చేతివ్రాతతో ఇట్లున్నది: "ముందు దీపం చూడండి. తర్వాత ఫోన్ చేయండి." ఎవరు వ్రాసిరని అడుగగా కార్యదర్శి చిరునవ్వుతో ఆ వార్డు సభ్యునివైపు చూచెను. వీధులూడ్చు ఆ కార్మికురాలు నన్ను ఆనవాలు పట్టి, "ఇప్పుడు మా బిల్లు ఆగడం లేదయ్యా" అనెను.

ఆమెకు అడాప్టరు అను మాట తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. ఆమె కొరకు దానిని తెలిసికొనవలసినవారము మనము.